ముందు పని, తర్వాత శిక్షణ: ఆటోనగర్ స్టోర్‌లో ఒక కుర్రాడి కేసు

మానసిక జబ్బుకి మందులు వాడుతూ ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయిన వాళ్లని పనిలో పెట్టడం గురించి తెలుగులో వివరంగా రాసినవి నాకు పెద్దగా కనపడలేదు. చూపు లేనివాళ్లకి, వినపడనివాళ్లకి, నడవలేనివాళ్లకి జాబ్ మేళాల్లో కనీసం ఒక బల్ల అయినా వేస్తారు. ఫారంలో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు రావడం ఉండే మానసిక జబ్బు) అన్న మాట కనపడగానే ఆ కాగితం అడుగుకి వెళ్లిపోతుంది. అందుకే ఈ ఒక్క కేసుని మొదటి నుంచి ఇప్పటిదాకా, కుదిరినవీ కుదరనివీ కలిపి రాస్తున్నాను. నేను విశాఖలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ప్లేస్‌మెంట్ పని చూస్తాను. రాయడానికి ఆ కుర్రాడూ, వాళ్లమ్మగారూ ఒప్పుకున్నారు. పేరు రాయట్లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

మా దగ్గరికి వచ్చేటప్పటికి అతనికి 29 ఏళ్లు. ఇల్లు మల్కాపురం వైపు. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని చేసి ఆరోగ్యం బాగోక మానేశారు, అమ్మ రెండిళ్లలో వంట చేస్తుంది, అప్పకి (అక్కకి) పెళ్లయి అనకాపల్లిలో ఉంటుంది. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశాడు. మంచి మార్కులతోనే ప్యాసై అప్రెంటిస్‌గా చేరాడు. జబ్బు మొదలైంది ఆ అప్రెంటిస్ ఏడాదిలోనే. షిఫ్టులు మారుతూ ఉండేవి, నిద్ర పట్టడం మానేసింది, పక్కన పనిచేసేవాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారనీ, తన ఫోన్ ఎవరో వింటున్నారనీ అనిపించడం మొదలైంది. ఒకరోజు షిఫ్ట్ మధ్యలో బయటికి వచ్చేసి మళ్లీ వెళ్లలేదు.

ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకున్నారు. తాయెత్తులు కట్టించారు, చెప్పిన ప్రతి చోటికీ తీసుకెళ్లారు, ఏడాదికి పైగా అలాగే గడిచింది. దీనికి వాళ్లని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, వాళ్లకి తెలిసిన దారిలో వాళ్లు పిల్లాడి కోసం ఉన్నదంతా ఖర్చుపెట్టారు. చివరికి ఒక బంధువు చెబితే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి తీసుకొచ్చారు. జబ్బు స్కిజోఫ్రీనియా అని తేలింది, మందులు మొదలయ్యాయి, కొన్ని నెలల్లో లేని గొంతులు వినపడటం తగ్గింది.

ఇక్కడి నుంచి అసలు సమస్య మొదలవుతుంది, దీన్ని చాలామంది గమనించరు. గొంతులు తగ్గాయి, గొడవ లేదు, ఇల్లు ప్రశాంతంగా ఉంది కాబట్టి అందరూ నయమైపోయిందనుకున్నారు. కుర్రాడు మాత్రం పొద్దున పదింటికి లేచి, తిని, మంచం మీద కూర్చుని, మళ్లీ పడుకుని, ఇలా ఏళ్లు గడిపేశాడు. మాట తగ్గిపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఒకేసారి రెండు విషయాలు గుర్తుపెట్టుకోలేకపోవడం ఈ జబ్బులో భాగాలే, కానీ ఇవి ఎవరికీ ఇబ్బంది పెట్టవు కాబట్టి ఎవరూ వీటి గురించి డాక్టర్‌కి చెప్పరు. దానికి తోడు రాత్రి మందు మత్తు ఉదయం దాకా ఉంటుంది, వేళ్లు కొంచెం వణుకుతాయి. చుట్టాలకి ఇదంతా బద్ధకంలా కనిపిస్తుంది.

మధ్యలో ఎవరో చెబితే ఒక శిక్షణ కేంద్రంలో డేటా ఎంట్రీ కోర్సులో చేర్పించారు. పూర్తి చేశాడు, సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం రాలేదు. ఆ కోర్సు నీకు ఇష్టమేనా అని అతన్ని ఎవరూ అడగలేదు. మన రంగంలో ఇది నాకు బాగా బాధ కలిగించే అలవాటు: వైకల్యం ఉంది అనగానే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం. ఫిట్టర్ ట్రేడ్‌లో రెండేళ్లు చదివి, ఆకురాయి చేతిలో పట్టుకుని ఇనుముని కొలతకి తెచ్చిన మనిషి చేత అడ్రసులు టైపు చేయించారు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న అభిప్రాయం ఒక్కటే, "ట్రైనింగ్ ఇచ్చినా వీడికి రాలేదు".

మేం ఎందుకు శిక్షణ ఇవ్వలేదు

స్కీములన్నీ దాదాపు ఒకే వరసలో నడుస్తాయి: చేర్చుకో, శిక్షణ ఇవ్వు, పరీక్ష పెట్టు, సర్టిఫికెట్ ఇవ్వు, ప్లేస్‌మెంట్ చూపించు. గ్రామీణ యువతకి ఉన్న దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన చూడండి, 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకి, వైకల్యం ఉన్నవాళ్లకి 45 దాకా, శిక్షణ పొందిన వాళ్లలో 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్నది నిబంధన. మంచి స్కీమే, చాలామంది బాగుపడ్డారు. కానీ ఈ వరస మానసిక జబ్బు నుంచి కోలుకుంటున్న వాళ్లకి తిరగబడుతుంది. తరగతి గదిలో నేర్చుకున్నది వేరే చోటికి తీసుకెళ్లి వాడటమే వాళ్లకి అన్నిటికంటే కష్టమైన పని. నెలల తరబడి శిక్షణ తీసుకుని, తీరా ఉద్యోగంలో చేరాక మళ్లీ కొత్త మనుషులు, కొత్త చోటు, కొత్త పద్ధతి, అంటే మొత్తం మొదటికి వస్తుంది.

దీనికి మందుగా 1990లలో అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ అనే ఇద్దరు ఒక పద్ధతి తయారుచేశారు, ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్ అంటారు. సారాంశం ఇది: మనిషికి పని చెయ్యాలని ఉంటే చాలు, అర్హత పరీక్షలు పెట్టొద్దు. అతనికి నచ్చిన రకం నిజమైన ఉద్యోగాన్ని త్వరగా వెతకండి, నేర్పేది అక్కడే నేర్పండి, వైద్యం చేసేవాళ్లూ ఉద్యోగం చూపించేవాళ్లూ కలిసి పనిచెయ్యండి, చేరాక వదిలెయ్యకండి. యూరప్‌లో లండన్, జ్యూరిక్, సోఫియా లాంటి ఆరు చోట్ల 312 మందితో దీన్ని పాత పద్ధతితో పోల్చి చూశారు, ఫలితాలు 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొత్త పద్ధతిలో 55 శాతం మంది కనీసం ఒక్కరోజైనా ఉద్యోగం చేశారు, పాత పద్ధతిలో 28 శాతం. మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు కూడా కొత్త పద్ధతిలోనే తక్కువ. ఈ రెండో విషయం నేను ప్రతి తల్లికీ చెబుతాను, ఎందుకంటే పని ఒత్తిడికి జబ్బు తిరగబెడుతుందన్నదే వాళ్ల మొదటి భయం. మన పక్కన చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో మొదలుపెట్టిన స్కార్ఫ్ సంస్థ కూడా వైద్యంతో పాటు జీవనోపాధినీ కలిపే పనిచేస్తూ వచ్చింది. అంటే ఇది మనకి పనికిరాని విదేశీ వ్యవహారమేమీ కాదు.

కాబట్టి అతన్ని మేం అడిగింది ఒక్కటే, ఏ పని చెయ్యాలనుంది అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "షాపులో కూర్చోను సార్. జనం వస్తారు. సామాను దగ్గరైతే ఉంటాను."

ఇది చాలా విలువైన సమాధానం. జనం ఎక్కువైతే కష్టం, వస్తువులతో అయితే సుఖం. ఇంకో వైపు మేం చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వేళ్ల వణుకూ, ఉదయం మత్తూ ఉన్న మనిషిని గ్రైండర్ దగ్గరో, లేత్ మిషన్ దగ్గరో పెట్టకూడదు, అతను ఫిట్టరే అయినా సరే. రాత్రి షిఫ్ట్ అసలే వద్దు, నిద్ర చెడితే ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. విశాఖ చుట్టుపక్కల కొత్తవాళ్లని ఎక్కువగా తీసుకునేది పరవాడ ఫార్మా సిటీ, దువ్వాడ, అచ్యుతాపురం వైపు కంపెనీలు. వాటిల్లో చాలావరకు ఎ, బి, సి షిఫ్టులు వారం వారం మారతాయి, కంపెనీ బస్సు తెల్లారకముందే వచ్చి జంక్షన్‌లో నిలబడుతుంది. అవన్నీ ఒక్క దెబ్బతో పక్కకి వెళ్లిపోయాయి. ఈ మందులు వాడేవాళ్ల ఒంటికి వేడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది, మే నెల ఉక్కపోతలో రేకుల షెడ్డు కింద బరువులు మోసే పని కూడా కుదరదు. ఇంకోటి, నెలకి ఒకసారి పొద్దున చినవాల్తేరు ఓపీకి వెళ్లాలి, అంటే నెలకి ఒక పూట సెలవు ఖాయంగా ఇచ్చే యజమాని కావాలి.

ఇన్ని తీసేస్తే ఏం మిగులుతుందని అడిగారు మా ఆఫీసులోనే ఒకరు. గాజువాక ఆటోనగర్ మిగులుతుంది. లారీ రిపేర్ షెడ్లు, వాటి పక్కనే స్పేర్ పార్టుల స్టోర్లు, పొద్దున తొమ్మిదిన్నర దాటితే గానీ ఊపందుకోని పని, ఇంటి నుంచి ఒక్క బస్సు దూరం.

యజమానికి ఎంతవరకు చెప్పాలి

ఈ ప్రశ్న మీద ఎక్కువ సమయం పెట్టాలని ఈ పనిలోకి కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జబ్బు వివరాలు గోప్యంగా ఉంచే హక్కుని మనిషికి ఇచ్చింది. కాబట్టి చెప్పాలా, ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి అనేది అతని నిర్ణయం. అతనికి ఉద్యోగం త్వరగా దొరుకుతుందని మనమే చెప్పెయ్యడానికి లేదు, పోతుందేమోనని దాచమని నూరిపొయ్యడానికీ లేదు.

అతని ముందు మేం మూడు దారులు పెట్టాం. ఏమీ చెప్పకపోవచ్చు, అప్పుడు ఉద్యోగం సులువుగా దొరుకుతుంది, కానీ నెలనెలా సెలవుకి ఏదో ఒక అబద్ధం చెప్పాలి, ఉదయం మత్తుకి తిట్లు పడాలి. మొత్తం చెప్పొచ్చు, అప్పుడు చాలా తలుపులు మూసుకుంటాయి. లేదంటే పనికి సంబంధించినంత వరకే చెప్పొచ్చు. అతను మూడోది ఎంచుకున్నాడు, ఏ మాటలు వాడాలో కూడా తనే కూర్చుని రాసుకున్నాడు. "నాకు మానసిక జబ్బు వచ్చింది. మందులు వాడుతున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను. రాత్రి పని చెయ్యలేను, నెలకి ఒక పూట ఆస్పత్రికి వెళ్లాలి." అంతే. నరాల బలహీనత అని చెబుదామని వాళ్లమ్మ అడిగింది. అతనే వద్దన్నాడు, తర్వాత తెలిస్తే పరువు పోతుందని. ఆ మాటతో నాకు అతని మీద నమ్మకం ఇంకా పెరిగింది.

స్టోర్లు చాలానే తిరిగాం. కొందరు మర్యాదగా, కొందరు మొహం మీదే వద్దన్నారు. ఒప్పుకున్న యజమాని అడిగిన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే.

"గొడవేం చెయ్యడు కదండీ? బిల్లింగ్‌లో ఆడపిల్ల కూర్చుంటుంది."

హామీ ఏ మనిషి గురించీ ఇవ్వలేమండీ అని చెప్పాను. కానీ ఇన్నేళ్లలో ఇతను ఎవరి మీదా చెయ్యెత్తింది లేదు, జబ్బు బాగా ఉన్న రోజుల్లో కూడా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడే తప్ప. ఏదైనా తేడా కనిపిస్తే మొదట మాకు ఫోన్ చెయ్యండి, ఆ రోజే వస్తాం అన్నాను. ఆయన ఆలోచించి, "మా బావమరిదికి ఇలాగే ఉండేదండీ" అన్నారు. ఇది నేను ఎన్నోసార్లు విన్న మాట. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు, ముందుగా మాట్లాడేవాళ్లు లేక అందరూ ఊరుకుంటారు. చట్టం గురించి ఆయనకి చెప్పింది తక్కువ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మానసిక జబ్బు కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంటే అందులో 1 శాతాన్ని మానసిక జబ్బు, ఆటిజం, మేధో వైకల్యం లాంటివన్నీ కలిసి పంచుకోవాలి. ఇవి తెలుసుకోవాల్సిన విషయాలే, కానీ పదిహేను మంది పనిచేసే స్టోర్ యజమాని ముందు చట్టం పుస్తకం తెరిస్తే ఆయన మనల్ని టీ తాగించి పంపించేస్తారు. ఆయనకి కావాల్సింది మనిషి పనికొస్తాడా, తేడా వస్తే ఎవరు చూస్తారు, ఈ రెండే.

బేరింగులు

పనికొస్తాడా అన్న ప్రశ్నకి సమాధానం మొదటి వారంలోనే వచ్చింది, అది మేం ఇచ్చిన సమాధానం కాదు. స్టోర్‌లో బేరింగుల అర గందరగోళంగా ఉండేది, డబ్బాలు చిరిగిపోయి, నంబర్లు చెరిగిపోయి. మేస్త్రీ అతనికి ఒక బేరింగు ఇచ్చి ఇది ఏ అరలో పెట్టాలో చూడమన్నాడు. అతను దాన్ని తిప్పి చూసి 6205 అన్నాడు, లోపలి బెజ్జం 25 మిల్లీమీటర్లు అని కూడా చెప్పాడు. మేస్త్రీ వెర్నియర్ పెట్టి చూస్తే సరిగ్గా అంతే. ఎలా చెప్పావంటే, చివరి రెండు అంకెల్ని ఐదుతో గుణించాలి, 05 అంటే 25, 06 అంటే 30, కానీ 00 నుంచి 03 దాకా లెక్క వేరు, అవి 10, 12, 15, 17 అని చెప్పాడు. ఐటీఐలో చదువుకున్నది. దాదాపు పదేళ్లు ఇంట్లో మంచం మీద గడిపిన మనిషి తలలో అది చెక్కుచెదరకుండా ఉంది.

మేస్త్రీకి ఏళ్ల అనుభవం ఉంది కానీ ఈ లెక్క ఎవరూ చెప్పలేదట. ఆ రోజు నుంచి అతన్ని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. నా వృత్తిలో నేను గట్టిగా నమ్మే విషయం ఇదే: మనిషికి ఇప్పటికే వచ్చిన పని దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అతనికి రానిది ఏమిటో వెతికి దాంతో మొదలుపెట్టే శిక్షణ, అది ఎంత ఖరీదైనదైనా, మనిషిని ఇంకా చిన్నబుచ్చుతుంది.

ఆ తర్వాత నేర్పాల్సినవి చాలానే ఉన్నాయి, అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. మొదట్లో రోజుకి మూడు గంటలే, పదకొండు నుంచి రెండు దాకా. మా దగ్గర పనిచేసే ఒక అమ్మాయి మొదటి నెల దాదాపు రోజూ వెళ్లి పక్కన నిలబడేది. ముఖ్యమైన ఇబ్బంది జ్ఞాపకం. మేస్త్రీ ఒకేసారి "రెండు ఆయిల్ సీళ్లు, నాలుగు బుష్‌లు, ఆ క్లచ్ ప్లేట్ తీసి, చలానా రాసి, అలాగే లారీ వాడికి ఫోన్ చెయ్" అంటే ఇతను మొదటిదే గుర్తుపెట్టుకునేవాడు. దానికి జేబులో చిన్న పుస్తకం. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వెళ్లడం. మేస్త్రీకి కూడా నేర్పాల్సి వచ్చింది, రాసుకునేంతసేపు ఆగమని. అరల ఫోటోలు ఫోన్‌లో పెట్టుకున్నాడు, ఏది ఎక్కడుందో రాత్రి ఇంట్లో చూసుకోవడానికి. ప్రతి అరకీ ఒక కార్డు, వచ్చింది ఎంత, వెళ్లింది ఎంత, మిగిలింది ఎంత. ఈ కార్డుల పద్ధతి యజమానికి తెగ నచ్చింది, ఎందుకంటే అంతకుముందు ఏ సరుకు అయిపోయిందో గిరాకీ వచ్చి అడిగితే గానీ తెలిసేది కాదు.

ఒక హెల్పర్ మాత్రం వెనక నుంచి మెంటల్ అని పిలిచేవాడు. కుర్రాడు మాతో చెప్పలేదు, రెండు రోజులు పనికి రాలేదు, ఇంటికి వెళ్లి అడిగితే అప్పుడు చెప్పాడు. మేం వెళ్లి హెల్పర్‌తో గొడవపడితే కుర్రాడు అక్కడ ఇంకా ఒంటరివాడవుతాడు కాబట్టి మేస్త్రీకి చెప్పాం. మేస్త్రీ అందరి ముందూ ఏమీ అనలేదు, హెల్పర్‌ని పక్కకి తీసుకెళ్లి మాట్లాడాడు. ఆ పిలుపు ఆగింది. అందుకే పనిచోట ఒక్క మనిషైనా మనవాడు ఉండాలంటాను. అతను యజమాని కానక్కర్లేదు, రోజూ పక్కన ఉండేవాడైతే ఇంకా మంచిది.

పింఛన్

వాళ్లమ్మగారు మొదటి నుంచీ ఒప్పుకోలేదు. ఆమె మాట ఇది: "ఆరువేలు ఇంటికొస్తన్నాయి బాబూ. ఈ పని నాలుగు నెల్లుండి పోతే ఏటి సెయ్యమంటావు? అటు పింఛనూ పోయి, ఇటు పనీ పోయి, గుంటడు మళ్లీ మంచమెక్కితే ఎవలు సూస్తారు?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్ 3,000 నుంచి 6,000 రూపాయలైంది, ఆ ఇంటికి అది పెద్ద ఆధారం. పింఛన్‌కి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. పైగా మానసిక జబ్బు సర్టిఫికెట్ చాలామందికి తాత్కాలికంగానే ఇస్తారు, కొన్నేళ్లకి మళ్లీ పరీక్ష చేస్తారు. ఆ పరీక్షకి వాడే కొలమానం ఐడియాస్ అని ఒకటుంది. తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని, ఈ నాలుగింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, జబ్బు ఎన్నేళ్ల నుంచి ఉందన్నదానికి ఇంకో నాలుగు దాకా, మొత్తం 20. ఏడు రాకపోతే, అంటే ఆరో అంతకంటే తక్కువో వస్తే, వైకల్యం 40 శాతం కంటే తక్కువ అని లెక్క. ఏడు నుంచి 40 శాతం మొదలు. ఇందులో పని అనేది ఒక అంశం కదా, మనిషి పనిలో నిలదొక్కుకుంటే మార్కులు తగ్గుతాయి. జబ్బు అలాగే ఉంటుంది, మందులు అలాగే ఉంటాయి, కాగితం మీద వైకల్యం తగ్గుతుంది. 2025లో రాష్ట్రమంతటా వికలాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు ఆమెకి నెలల తరబడి నిద్ర లేదు.

ఆదాయం దాచమని మేం ఎవరికీ చెప్పం. ఆమెతో, కుర్రాడితో కూర్చుని కాగితం మీద రెండు లెక్కలు రాశాం. పింఛన్ ఉండి సగం పూట పని చేస్తే నెలకి ఇంటికి ఎంత, పింఛన్ పోయి పూర్తి పని చేస్తే ఎంత, బస్సు ఖర్చు తీసేస్తే ఎంత. మూడో లెక్క ఆమే అడిగింది, పనీ పోతే ఎంత అని. అది కూడా రాశాం. సగం పూటతో మొదలుపెడదామని కుర్రాడే చెప్పాడు, వైద్యపరంగా కూడా అదే మంచిది. పింఛన్ విషయంలో ప్రభుత్వం ఒక్క పని చేస్తే ఎంతమంది బయటికి వస్తారో నాకు తెలుసు: ఇలాంటి వాళ్లు పనిలో చేరాక రెండేళ్ల పాటు పింఛన్ ఆపకుండా ఉంచడం, పని పోతే మళ్లీ కొత్తగా దరఖాస్తు చెయ్యకుండా కొనసాగించడం. పని పట్ల మనుషులకున్న భయంలో సగం జబ్బు గురించి కాదు, ఈ లెక్క గురించే.

ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) గురించి చాలామందికి తెలియదు. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట అది వర్తిస్తుంది. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. మామూలుగా 21,000 జీతం దాకా వర్తిస్తే వైకల్యం ఉన్నవాళ్లకి 25,000 దాకా. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో సైకోసిస్ (స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు) కూడా ఉంది, అంటే రెండేళ్లు వరసగా ఉద్యోగంలో ఉండి, నిబంధనల ప్రకారం చందా కట్టిన మనిషికి జబ్బు తిరగబెట్టి పని చెయ్యలేకపోతే జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా వచ్చే అవకాశం ఉంది. ఈఎస్ఐ ఆస్పత్రి మల్కాపురంలోనే ఉంది. ఈ విషయం చెప్పినప్పుడు ఆమె మొహంలో మొదటిసారి కొంచెం ధైర్యం చూశాను. అతని పేరు ఈఎస్ఐలో చేర్పించడానికి యజమాని వెంటపడాల్సి వచ్చింది, పడ్డాం, చేర్పించారు.

మార్చి నెల

అంతా సాఫీగా సాగలేదు. మార్చి నెలాఖరుకి స్టాక్ లెక్కలు. అప్పటికి అతను రోజుకి ఆరు గంటలు చేస్తున్నాడు. ఆ వారం అందరూ రాత్రి పదకొండు దాకా ఉన్నారు, అతన్ని ఉండమని ఎవరూ అడగలేదు, కార్డులు తను రాసినవి కాబట్టి తనే ఉన్నాడు. ఇంటికెళ్లి పడుకునేసరికి ఒంటిగంట. మందు వేసుకుంటే పొద్దున లేవలేనని రెండు రాత్రులు మందు మానేశాడు.

తేడా మొదట కనిపెట్టింది మేస్త్రీ. ఒకే అరని మళ్లీ మళ్లీ లెక్కపెడుతున్నాడని, ఎవరో సామాను మారుస్తున్నారంటున్నాడని ఫోన్ చేశాడు. ఉద్యోగంలో చేరేటప్పుడే కుర్రాడితో కలిసి ఒక కాగితం రాసి పెట్టుకున్నాం, జబ్బు తిరగబెడితే ముందుగా ఏం కనిపిస్తుంది, అప్పుడు ఎవరు ఏం చెయ్యాలి అని. మొదటి గుర్తు నిద్ర తగ్గడం, రెండోది అనుమానం. అందులో తనే రాశాడు, "అప్పుడు నేను ఒప్పుకోను, అయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి, అప్పని పిలవండి" అని. అప్ప అనకాపల్లి నుంచి వచ్చింది, ఆ కాగితం చూపిస్తే కాసేపు వాదించి బయల్దేరాడు. డాక్టర్‌గారు మందు సర్దారు, చేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. సుమారు మూడు వారాలు ఇంట్లో ఉన్నాడు.

యజమానికి ఈ కాలమే అసలు పరీక్ష. ఆయన ఆ స్థానంలో వేరే మనిషిని పెట్టుకోవాలనుకోవచ్చు. మేం అడిగింది, చెయ్యి విరిగిన మనిషైతే ఏం చేస్తారో అదే చెయ్యండి అని. ఆయన స్థానం ఉంచారు. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ మూడు గంటలతో మొదలుపెట్టి, ఒకటిన్నర నెలలో ఆరు గంటలకి వచ్చాడు. సాయంత్రం ఆరు దాటితే అతను స్టోర్‌లో ఉండకూడదన్నది ఇప్పుడు అక్కడ రూలు, మేస్త్రీ తాళం చూపించి మరీ పంపిస్తాడు.

స్కీముల లెక్కలో చూస్తే ఈ కేసు మార్చి కంటే చాలా ముందే ముగిసిపోయి ఉండేది. చేరి కొన్ని నెలలైంది, జీతం చీటీ ఉంది, ప్లేస్‌మెంట్ పూర్తి. నిజంగా మా అవసరం పడింది ఆ తర్వాతే, దానికి ఏ ఖాతాలోనూ డబ్బు లేదు. బస్సు టిక్కెట్లు, ఫోన్లు, మా దగ్గర పనిచేసే ఆ అమ్మాయి జీతం, అన్నీ మేం చందాలతో సర్దుకుంటున్నాం. శిక్షణకి ఇచ్చే డబ్బులో కొంత భాగాన్ని చేరిన తర్వాతి ఏడాది తోడు ఉండటానికి కేటాయిస్తే ఇలాంటి కేసులు ఎన్నో నిలబడతాయని అధికారులకి మేం రాతపూర్వకంగా కూడా ఇచ్చాం. ఇంకా అడుగుతూనే ఉంటాం.

ఇప్పుడు

అతను ఇప్పటికీ అదే స్టోర్‌లో ఉన్నాడు. మా అమ్మాయి పక్షానికోసారి వెళ్తుంది, ఎక్కువగా మేస్త్రీతో మాట్లాడి వస్తుంది. నెలకి ఒక పూట చినవాల్తేరు సెలవు మామూలైపోయింది. మాట ఇంకా తక్కువే, మధ్యాహ్నం భోజనం మాత్రం ఇప్పుడు మిగతావాళ్లతో కలిసి తింటున్నాడు. యజమాని పూర్తి రోజు పని, పూర్తి జీతం ఇస్తానంటున్నారు. కుర్రాడికి ఇష్టమే. ఈలోగా సర్టిఫికెట్ గడువు దగ్గరపడింది, అమ్మగారు ఆ పరీక్ష అయ్యేదాకా ఆగమంటోంది. డాక్టర్‌గారి దగ్గర నుంచి చికిత్స వివరాలతో ఒక లెటర్ తీసుకుంటున్నాం, పనిలో అతనికి ఏ సదుపాయాలు ఇస్తే ఆ పని చెయ్యగలుగుతున్నాడో కూడా అందులో రాయమని అడిగాం. పూర్తి జీతం విషయం ఇంట్లో ఇంకా తేలలేదు, తేల్చాల్సింది వాళ్లే.

యజమాని ఈమధ్య ఇంకొకరు ఉంటే చెప్పండన్నారు. పెందుర్తి నుంచి వచ్చే ఒకామె ఉంది, బైపోలార్ జబ్బుకి (మనసు ఒకప్పుడు బాగా పొంగడం, ఒకప్పుడు బాగా కుంగడం) మందులు వాడుతోంది, లెక్కలు బాగా వచ్చు. ఆ స్టోర్‌లో ఆడవాళ్లకి విడిగా బాత్రూం లేదు, బిల్లింగ్ అమ్మాయి పక్క షాపుకి వెళ్తోంది. ముందు అది కట్టించండి, తర్వాత ఆమెని తీసుకొస్తామని చెప్పాం.